పేరు తీసేసినంత మాత్రాన ఆ గుండె ఎవరిదో తెలియకుండా పోదు

ఎడిటర్ గారికి నమస్కారమండి.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఈసీజీ టెక్నీషియన్‌గా చేస్తన్నా, ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్ళయింది. మీ పేపరు రోజూ చదువుతా, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. ఎందుకు రాస్తన్నానంటే ఈ మధ్య మన గుంటూరు విజయవాడల్లో ఎక్కడ చూసినా ఏఐ హెల్త్ క్యాంపులే, అపార్టుమెంటు సెల్లార్లో ఒక టేబులేసుకుని కూర్చుని చేతికి బ్యాండు కట్టి, ఛాతీకి ఒక ప్యాచ్ అంటించి, రెండు నిమిషాల్లో మీ గుండె సంగతి చెప్తాం రండి అంటన్నారు, కాలేజీల్లో పెడతన్నారు, కంపెనీల్లో పెడతన్నారు. ఎవరన్నా ధైర్యం చేసి మా డేటా ఏం చేస్తారండీ అని అడిగితే అందరూ ఒకటే మాట, "మీ పేరు, ఫోన్ నంబరు తీసేస్తామండీ, ఉత్త సిగ్నలే మా దగ్గరుంటది, అది ఎవరిదో ఎవరికీ తెలియదు" అని. నా ఉత్తరం అంతా ఆ ఒక్క మాట గురించే. ఆ మాట నిజం కాదండి. అక్కడ కూర్చున్న పిల్లలు కావాలని అబద్ధం ఆడతన్నారని నేను అనను, వాళ్ళకి ట్రైనింగులో చెప్పిందే వాళ్ళు మనకి చెప్తన్నారు. కానీ చేతికి కట్టించుకునే ముందు మనకి నిజం తెలియాలి కదా.

ఈసీజీ పేరు విననివాళ్ళు ఇప్పుడెవరూ లేరు, అయినా పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పెద్దాళ్ళు మంచమెక్కగానే "షాక్ కొడుద్దా అమ్మా" అని అడుగుతూనే ఉంటారు. షాక్ కొట్టదు, మనమేమీ లోపలికి పంపం, లోపల ఉన్నదే బయటికి వింటాం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులో కొంచెం కరెంటు పుడతది, చర్మం దాకా వచ్చేసరికి అది ఒక మిల్లీవోల్టు అటూఇటూ ఉంటది. చేతులకీ కాళ్ళకీ నాలుగు, ఛాతీ మీద ఆరు, మొత్తం పది ఎలక్ట్రోడ్లు పెట్టి ఆ కాస్త కరెంటునే పన్నెండు వైపుల నుంచి చూస్తాం. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తది. ముందు చిన్న బొడిపె, దాన్ని పీ అంటాం, తర్వాత నిటారుగా లేచి దిగేది క్యూఆర్ఎస్, ఆ వెనకాల గుండ్రంగా వచ్చేది టీ. ఈ పేర్లు పెట్టింది హాలండ్‌కి చెందిన ఐంథోవెన్ అనే డాక్టరు, ఆయనకి 1924లో నోబెల్ ఇచ్చారు. ఆయన మిషను దాదాపు 270 కిలోలుండేదంట, దాన్ని నడపడానికి ఐదుగురు మనుషులు కావాల్సొచ్చేదంట, పేషెంటేమో చేతులూ కాలూ ఉప్పునీళ్ళ బకెట్లలో పెట్టుకుని కూర్చోవాలి. ఇప్పుడు అదే పనిలో కొంత భాగం అగ్గిపెట్టె అంత ప్యాచ్ చేసేస్తంది. చేసేయడమే కాదు, ఆ గీత చదివి ఇది ఫలానా జబ్బు అని కూడా చెప్తంది. నాకు దాని మీద కోపం ఏమీ లేదండి, పల్లెల్లో రాత్రిపూట ఈసీజీ చూసి చెప్పే డాక్టరు ఉండడు, అక్కడ మిషన్ చదివి ఇది అర్జంటు అని ఒక్క మాట చెప్పినా ఒక ప్రాణం నిలబడుద్ది, ఆ విలువ నాకంటే బాగా ఎవరికి తెలుస్తది.

అయితే మిషన్ ఏం చూస్తందో, ఏం చూస్తన్నాననుకుంటందో రెండూ ఒకటి కాదు. పోయిన చలికాలం తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు, 70 దాటినాయన, చేతులు వణుకు. మిషను కాగితం పైన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ప్రింటు కొట్టేసింది, అంటే గుండె పై గదులు లయ తప్పి అదురుతన్నాయని, అది ఉంటే రక్తం పలచబడే మందు మొదలు పెట్టాల్సొచ్చుద్ది. కొడుకు ఆ కాగితం ఫోన్లో ఫోటో తీసి అప్పుడే హైదరాబాదులో ఎవరికో పంపించేశాడు. నాకేమో క్యూఆర్ఎస్‌లు వరసగా సమంగా దూరం దూరంగా ఉన్నట్టే కనపడతన్నాయి, మధ్యలో గీత మాత్రం రంపం పళ్ళ లాగా ఉంది. దుప్పటి కప్పా, మణికట్టు దగ్గర పెట్టిన ఎలక్ట్రోడ్లు తీసి భుజాల దగ్గర పెట్టా, తాతా నీ మనవరాలి పేరేంటి అని మాటల్లో పెట్టి చేతులు పొట్ట మీదికి తెప్పించి ఒక్క నిమిషం ఆగా. రెండో కాగితంలో ప్రతి క్యూఆర్ఎస్ ముందరా చక్కగా పీ ఉంది. మిషను చేతి వణుకుని గుండె వణుకు అనుకుంది, అంతే. కుడి చెయ్యి వైరు ఎడమ చేతికి పెట్టినా అంతే, లేని జబ్బులు రాసిచ్చుద్ది. ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయట్లేదు, ఏ ఆస్పత్రిలో అయినా పాత టెక్నీషియన్లు అందరూ చేసేదే. క్యాంపు టేబులు దగ్గర ఆ రెండో కాగితం తీసేవాళ్ళెవరున్నారు అనేదే నా బాధ.

ఇంక అసలు సంగతి. మా అబ్బాయి ఇక్కడే ఇంజనీరింగ్ ఫైనలియర్, ప్రాజెక్టుకి మిషన్ లెర్నింగ్‌తో ఈసీజీ చదివించడం తీసుకున్నాడు. దీనికి ప్రపంచం మొత్తం వాడే డేటా ఒకటుందంట, ఎంఐటీ బీఐహెచ్ అంటారు, 1975 నుంచి 1979 దాకా అమెరికా బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రిలో తీసినవి, 47 మంది మనుషులు, 48 రికార్డులు, ఒక్కొక్కటి అరగంట, సెకనుకి 360 సార్లు కొలిచారు. ప్రతి దెబ్బ, అంటే గుండె ఒక్కసారి కొట్టుకోవడం, దాని పక్కనా ఇది మామూలు దెబ్బ, ఇది తేడా దెబ్బ అని డాక్టర్లు గుర్తు పెట్టారు, అట్లా లక్షా పదివేల దాకా గుర్తులు. 1980లో బయటికిచ్చారు, ఇప్పటికీ కొత్త ప్రోగ్రాం ఎవరు రాసినా దీని మీదే పరీక్ష పెడతారంట. మావాడు ఒకరోజు రాత్రి అన్నం కూడా తినకుండా "అమ్మా 99 శాతం కరెక్టుగా చెప్తంది" అని ల్యాప్‌టాప్ వంటింట్లోకి పట్టుకొచ్చాడు. నేను అడిగింది ఒకటే, "నువ్వు నేర్పించిన దెబ్బలు, పరీక్ష పెట్టిన దెబ్బలు వేరువేరు మనుషులవేనా" అని. కాదంట. అన్ని దెబ్బలూ ఒక కుప్ప పోసి, కలిపేసి, కొన్ని నేర్పడానికి కొన్ని పరీక్షకి తీశాడంట. అంటే ఒకే మనిషి గుండె దెబ్బలు అటు సగం ఇటు సగం. మర్నాడు మనుషుల్ని వేరు చేసి, ఈ సగం మందితో నేర్పి ఆ సగం మందితో పరీక్ష పెడితే మార్కులు బాగా పడిపోయినయ్. వాడు రెండు రోజులు డల్‌గా తిరిగాడు, వాళ్ళ గైడు సార్ మాత్రం ఇప్పుడు నువ్వు నిజంగా నేర్చుకున్నావురా అన్నాడంట.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదండి, ఎందుకంటే ఆ మార్కులు ఎందుకు పడిపోయినయ్యో ఆలోచిస్తే నాకు భయమేసింది. మిషను మొదటిసారి జబ్బు ఒక్కటే నేర్చుకోలేదు, మనిషిని కూడా నేర్చుకుంది. ఈ వంపు ఈయనది, ఈయన తేడా దెబ్బ ఇట్లా ఉంటది అని గుర్తుపెట్టుకుంది. ఎవరూ పేరు చెప్పలేదు, ఎవరూ మనుషుల్ని గుర్తుపట్టమని అడగలేదు, అయినా దానంతటది పట్టేసింది. నిజానికి ఇది నాకు తెలిసిందే, మా దగ్గరికి నెలనెలా చెకప్‌కి వచ్చేవాళ్ళ పాత ఈసీజీలు ఫైల్లోంచి జారి కలిసిపోతే పేరు చూడకుండా నాలుగైదు నేను జత చేసిన సందర్భాలున్నాయి. ఒక్కొక్కరి గుండె ఛాతీలో ఒక్కొక్క వాటంలో ఉంటది, కొందరికి నిలువుగా కొందరికి అడ్డంగా, ఒకరి ఛాతీ పలచన ఒకరిది లావు, కరెంటు పోయే దారి ఒక్కొక్కరికి కొంచెం తేడా, అందుకని గీత కూడా ఎవరిది వాళ్ళదే. 22 ఏళ్ళు చూసిన నా కంటికే కొంత తెలిస్తే సెకనుకి వందలసార్లు కొలిచే దానికి తెలియదా. 2001లోనే స్వీడన్‌లో 20 మంది మీద చూసి ఈసీజీతో మనిషిని గుర్తుపట్టొచ్చు అని పేపర్ రాశారు. తర్వాత దాని మీద చాలా పని జరిగింది, చేతి బ్యాండుతో గుండె గీత చదివి తాళం తీసే వస్తువులు కెనడాలో తయారు చేశారు, 2019లో అమెరికా మిలిటరీ వాళ్ళు లేజరుతో 200 మీటర్ల దూరం నుంచి, చొక్కా మీదుగానే, గుండె అదురుని బట్టి మనిషిని పోల్చే పరికరం చేయించుకున్నారని వార్తలొచ్చినయ్. ఈసీజీ ఒక్కటే కాదు, వాచీలో ఆకుపచ్చ లైటు చదివే నాడి, ఫోను కదలికని బట్టి నడక తీరు, తలకి పెట్టి మెదడు కరెంటు చూసే ఈఈజీ, అన్నిటితోనూ గుర్తుపట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

కాబట్టి పేరు తీసేశాం అంటే ఏం తీసినట్టు? కవరు మీద అడ్రసు చించేసి లోపల ఉత్తరంలో చేతిరాత అట్లాగే ఉంచినట్టు. చేతిరాత తెలిసినవాడికి అడ్రసుతో పనేముంది. రేపు ఇంకో చోట, ఇంకో క్యాంపులోనో ఇన్సూరెన్సు మెడికల్లోనో నా పేరుతో నా ఈసీజీ తీస్తే, ఆ రెండూ పక్కపక్కన పెట్టినవాడు పాత రికార్డు నాదేనని పట్టేసే అవకాశం ఉంది. వంద శాతం పట్టుద్దని నేననట్లేదు, మనిషి పరిగెత్తొచ్చినా, మందులు మారినా, ఎలక్ట్రోడు ఒక వేలెడు పక్కకి పెట్టినా గీత మారుద్ది, ఏళ్ళు గడిచినా మారుద్ది. కానీ అది ఎవరిదో ఎవరికీ తెలియదు అని మాట ఇచ్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

దీంట్లో మంచి కూడా ఉంది, అది కూడా చెప్పాలి. మా అత్తగారు పెళ్ళయిన కాడి నుంచి పొగాకు గ్రేడింగ్ పనికెళ్ళింది, ముప్పై ఏళ్ళు ఆకు పట్టుకుని పట్టుకుని వేళ్ళ మీద గీతలు అరిగిపోయినయ్. ఆధార్‌కి పది వేళ్ళు, రెండు కళ్ళు, ఫోటో తీసుకుంటారు కదా, ఆమెకి ఆ పది వేళ్ళలో ఒక్కటీ సరిగ్గా పడదు. ఒకటో తారీకు పెన్షన్ ఇచ్చే అమ్మాయి ఇంటికొచ్చి ఒక్కొక్క వేలూ పెట్టించుద్ది, చెంగుతో తుడుచుకుని మళ్ళా పెట్టుద్ది, కొబ్బరినూనె రాసుకుని పెట్టుద్ది, ఆ పిల్ల కూడా పాపం విసుక్కోకుండా చివరికి కన్నో మొహమో చూపించి ఇచ్చి పోద్ది. మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళదీ ఇదే గోడు, సీజన్లో వాళ్ళ చేతులు మంట పుట్టి తోలు ఊడిపోద్ది. అట్లాంటి వాళ్ళకి ఛాతీ లోపలి గుర్తు ఒకటి ఉంటే, అరిగిపోనిది, బతికున్న మనిషికి తప్ప రానిది, ఎంత బాగుంటది అని నేనే అనుకున్నా. ఇప్పటికీ అనుకుంటన్నా. కానీ వేలిముద్రకీ గుండె గీతకీ ఒక పెద్ద తేడా ఉంది. వేలిముద్ర చూసి ఈమెకి షుగరుందనో, పోయిన ఏడాది హార్ట్ ఎటాక్ వచ్చిందనో ఎవరూ చెప్పలేరు. గుండె గీతతో అట్లా కాదు, నువ్వు ఎవరివి అని అడగడానికి తీసిన గీతలోనే నీకేం జబ్బుంది అనే జవాబు కూడా ఉంటది. అటెండెన్సుకని తీసింది రోగం చెప్పుద్ది, రోగానికని తీసింది మనిషిని పట్టిచ్చుద్ది. ఈ రెండిట్నీ కత్తితో కోసినట్టు విడదీయడం కుదరదు.

ఇది ఊహ కాదు, మా ఇంట్లో జరిగింది. మా తమ్ముడు విజయవాడ ఆటోనగర్లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లారీ డ్రైవరు, పేరు రాయను. విశాఖపట్నం, చెన్నై ట్రిప్పులు, అన్నీ రాత్రుళ్ళే. పోయిన ఏడాది డ్రైవర్లందరికీ బ్యాండ్లిచ్చారు, నిద్రమత్తు వస్తే కనిపెట్టుద్ది, మీ ప్రాణాలకే మంచిది అన్నారు, అది న్యాయమైన మాటే, తెల్లవారుజామున మూడూ నాలుగింటికి ఆ హైవే మీద జరిగే యాక్సిడెంట్లు మేం ఆస్పత్రిలో చూస్తానే ఉంటాం. నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. మావాడు పదో తరగతి తెలుగు మీడియం.

రెండు నెలల తర్వాత ఒంగోలు దగ్గర దాబాలో ఆగి వీడు స్నానానికెళ్తూ బ్యాండు తీసి క్లీనరు కుర్రాడికిచ్చాడు, ఆ పిల్లోడు సరదాకి చేతికి పెట్టుకున్నాడు. అరగంట కాలేదు, ఆఫీసు నుంచి ఫోను, బ్యాండు ఎవరు పెట్టుకున్నారు, అది నీ పల్స్ కాదు అని. మాకు పేర్లు అక్కర్లేదు ఉత్త సిగ్నలే అన్నవాళ్ళు సిగ్నల్ని బట్టే మనిషి మారాడని పట్టుకున్నారు. నిద్రమత్తు కనిపెట్టడానికని ఇచ్చిన వస్తువులో ఈ పని కూడా ఉందని ఎవరూ మాటమాత్రం చెప్పలేదు. అప్పుడు వీడు నవ్వుకుని ఊరుకున్నాడు.

ఇంకో ఐదు నెలలకి ఆఫీసుకి పిలిచి, నీ గుండె కొట్టుకోవడం రాత్రిపూట సరిగా లేదని సిస్టం చూపిస్తంది, నిన్ను లాంగ్ ట్రిప్పులకి పంపం అని గోడౌన్‌లో లోకల్ డ్యూటీ వేశారు. జీతం అంతే, బత్తా పోయింది, డ్రైవరు ఇల్లు నడిచేదే బత్తా మీద కదండీ. ఏ డాక్టరు చెప్పాడు అంటే డాక్టరెవరూ లేరు, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు. నేను గుంటూరు పిలిపించి మా దగ్గరే ఈసీజీ తీశా, 24 గంటలు హోల్టర్ పెట్టించా, అంటే రోజంతా ఒంటి మీదే ఉండి ఈసీజీ రాసుకునే మిషను. ఈ హోల్టర్ కూడా మొదట అమెరికాలో కనిపెట్టినప్పుడు వీపు మీద మోసే 38 కిలోల బరువు, ఇప్పుడు చొక్కా జేబులో పట్టుద్ది. అక్కడక్కడా ఎక్టోపిక్ దెబ్బలు, అంటే వరసకి ముందే పడే దెబ్బలు, మనలో చాలామందికి ఉండేవే. ఎకో, అంటే గుండె స్కానింగు, నార్మల్. మా కార్డియాలజిస్టు సార్ చూసి, టీలు తాగడం తగ్గించు, నిద్రపో, బండి నడపడానికేం అడ్డం లేదు అని రాసిచ్చారు. ఆ కాగితం తీసుకెళ్తే కంపెనీలో "మా సిస్టం చూపించింది వేరు" అన్నారు. మణికట్టు మీద లైటు వేసి రక్తం పోటెత్తడాన్ని చూసే వస్తువు, లారీ స్టీరింగు అదురుకి చెయ్యి కదిలితే చాలు లెక్క తప్పుద్ది, దాని మాట కార్డియాలజిస్టు మాట మీద నెగ్గింది. అక్కడ నాకు కడుపు మండిపోయింది.

99 శాతం, 95 శాతం అని బ్రోచర్ల మీద వేస్తారే, దాని సంగతి కూడా ఒక్కసారి లెక్కేసుకుందాం. ఒక అపార్టుమెంట్లో వెయ్యి మంది ఉన్నారనుకోండి, నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్ళు పదిమంది. మిషన్ చాలా మంచిది, పదిమందిలో తొమ్మిదిమందిని పట్టింది. జబ్బు లేని 990 మందిలో నూటికి ఐదుగురిని మాత్రం పొరపాటుగా ఉందంది, అంటే దాదాపు 50 మంది. మొత్తం 59 మందికి ఎర్ర గుర్తు పడితే నిజంగా రోగం ఉన్నది తొమ్మిదిమందికే. మిగతా 50 మంది భయపడి టెస్టుల చుట్టూ తిరుగుతారు, డబ్బులున్నవాళ్ళు తిరుగుతారు, లేనివాళ్ళు మంచం పడతారు. అమెరికాలో యాపిల్ వాచీ మీద 4,19,297 మందితో పెద్ద స్టడీ చేసి 2019లో వేశారు, అందులో వాచీ హెచ్చరించింది 2,161 మందిని, అంటే నూటికి అర. వాళ్ళలో ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనపడింది. ఆ జబ్బు వచ్చి పోతుంటది కాబట్టి మిగతావన్నీ తప్పులని కాదు, కానీ వాచీ చెప్పగానే ఖాయం అని కూడా కాదు. ఇంకోటి, వాచీ ఈసీజీ ఒక్క వైపు నుంచే చూస్తది, హార్ట్ ఎటాక్ దానికి తెలియదు, ఆ కంపెనీయే ఆ మాట చెప్పుద్ది. ఛాతీలో నొప్పొస్తే వాచీ చూసుకుని నార్మల్ అనుకుని పడుకోవద్దని ఈ ఉత్తరం చదివినవాళ్ళకి చేతులెత్తి చెప్తన్నా, 108కి ఫోన్ చేయండి.

మన ఒంటి మీద పనిచేస్తదా అనేది కూడా అడగాలి. కరోనా రెండో వేవ్‌లో ఇంటింటికీ పల్స్ ఆక్సీమీటర్ కొన్నాం కదా, వేలికి పెడితే ఆక్సిజన్ చూపించేది, 1970ల్లో జపాన్‌లో అయోయాగి అనే ఇంజనీరు ఆలోచన అది, ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. అయినా 2020 డిసెంబర్లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది, మీటర్లో 92 నుంచి 96 చూపిస్తా రక్తంలో మాత్రం ఆక్సిజన్ 88 కంటే కిందికి పడిపోయి ఉండటం నల్లజాతి పేషెంట్లలో తెల్లవాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ కనపడిందని. లైటు చర్మం లోంచి పోవాలి కదా, రంగుని బట్టి లెక్క మారుద్ది. వాచీలు, బ్యాండ్లు కూడా లైటు మీద బతికేవే. బోస్టన్ 47 మంది మీద, కాలిఫోర్నియా వాళ్ళ మీద నేర్చుకున్న మిషన్ మే నెల ఎండలో చెమట కారతా మిర్చి టిక్కీ మోసే మనిషి మీద ఎట్లా పనిచేస్తదో ఇక్కడి వాళ్ళ మీద చూసి చెప్పాలి. గుంటూరు పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్ ఉంది, విజయవాడ జీజీహెచ్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, మా అబ్బాయి లాంటి పిల్లలు వేలమంది ఉన్నారు. మన మనుషుల డేటాతో, మన డాక్టర్లు పక్కన కూర్చుని గుర్తులు పెట్టిన డేటాతో చేస్తే నేను కూడా సాయంత్రం డ్యూటీ అయ్యాక కూర్చుని చేస్తా, డబ్బులు అక్కర్లేదు. అందుకే నేను డేటా ఇవ్వొద్దు అనట్లేదు. ఇచ్చేది ఏంటో తెలిసి ఇవ్వాలి అంటన్నా.

చట్టం సంగతి మా వీధిలో ఉండే లాయరు గారిని అడిగా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని రూల్సు 2025 నవంబర్లో ఇచ్చారు, ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలలు గడువు పెట్టారు. అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే మన దగ్గర ఒప్పుకోలు తీసుకునేటప్పుడు ఇచ్చే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో దేంట్లో గానీ చదువుకునే వీలుండాలి అని ఉందంట. అందులో మన తెలుగుంది. ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలిగ్గా ఉండాలంట. నాకు నచ్చనివి రెండున్నాయి. పాత బిల్లుల్లో ఆరోగ్యం, బయోమెట్రిక్ లాంటివి సున్నితమైన డేటా అని విడిగా పెట్టారు, ఈ చట్టంలో ఆ విభజన తీసేశారు, నా ఫోన్ నంబరుకీ నా గుండె గీతకీ ఒకటే లెక్క. రెండోది, ఉద్యోగం అవసరాలకి, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి అయితే ఒప్పుకోలు లేకుండా కూడా డేటా వాడుకోవచ్చని ఏడో సెక్షన్లో ఉందంట. అంటే మా తమ్ముడి లాంటి వాళ్ళ పరిస్థితి ఏంటి? లాయరు గారు దాన్ని కోర్టులు ఎట్లా చదువుతాయో చూడాలి అన్నారు. చూసేలోపల ఇంకెంతమంది బత్తా పోద్దో.

వేరే దేశంలో జరిగింది ఒకటి చెప్తా. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 2016లో ఒకాయన ఇల్లు కాలిపోయింది, ఇన్సూరెన్సు కోసం ఆయనే తగలబెట్టాడేమో అని పోలీసులకి అనుమానం వచ్చి, వారెంటు తీసుకుని ఆయన గుండెలో ఉన్న పేస్‌మేకర్ రికార్డు తీయించారు. ఆ టైములో గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చూసి ఆయన చెప్పిన కథకి పొంతన లేదన్నారు, 2017లో జడ్జి అది సాక్ష్యంగా పనికొస్తదన్నాడు. ఆయన తప్పు చేశాడా లేదా నాకు అనవసరం. ప్రాణం నిలబెట్టడానికి లోపల పెట్టిన వస్తువు ఎదురు సాక్ష్యం చెప్పింది, అక్కడ కనీసం వారెంటన్నా అడిగారు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. క్యాంపు పెట్టే ప్రతివాళ్ళూ తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వాలి, ఏం తీస్తన్నారు, దేనికి, ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, ఇంకెవరికిస్తారు, తీసేయమంటే ఎవరికి చెప్పాలి. అందులో "పేరు తీసేసినా ఈ సిగ్నల్ని బట్టి మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం ఉంది" అనే వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి. వైద్యానికని తీసింది అటెండెన్సుకి, అటెండెన్సుకని తీసింది వైద్యానికి వాడకూడదు. మిషన్ ఎర్ర గుర్తు వేస్తే ఉద్యోగం మీద చెయ్యి వేసే ముందు ఆ మనిషికి డాక్టరు చేత పన్నెండు వైపుల నుంచి చూసే పూర్తి ఈసీజీ తీయించాలి, ఖర్చు కంపెనీదే. క్యాంపులకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఈ కాగితం ఉందా లేదా అని మన మునిసిపల్ కార్పొరేషన్ వాళ్ళు, జిల్లా వైద్యాధికారులు చూడొచ్చు, దానికి కొత్త చట్టం ఏం అక్కర్లేదు. మీ పేపర్లో క్యాంపుల ఫోటోలు వేసేటప్పుడు మీ విలేకర్లు కూడా ఆ ఒక్క ప్రశ్న అడిగి రాయమని నా మనవి.

మా తమ్ముడు బ్యాండు తిరిగిచ్చేశాడు. ఏడు నెలలు వాడి చేతి నుంచి పోయిన నాడి, అంటే రోజుకి లక్ష చొప్పున రెండు కోట్ల పైన దెబ్బలు, ఎక్కడున్నాయి, వేరే ఎవరికన్నా ఇచ్చారా, మాకు కాపీ ఇచ్చి మీ దగ్గర తీసేయండి అని మొదటిసారి వాడు నోటితో అడిగాడు, చూస్తాం అన్నారు. రెండోసారి నేనే తెలుగులో రాసి, మా సార్ ఇచ్చిన రిపోర్టు జెరాక్సు జతచేసి, వాడి సంతకంతో స్పీడ్ పోస్టులో పంపించా. అందినట్టు ఫోన్లో చూపిస్తంది. నెల దాటింది, ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక ఈసీజీ టెక్నీషియన్,
కొత్తపేట, గుంటూరు.